అమ్మమ్మ పాస్ చేయని గైడు

పెట్టె చచ్చిపోయింది.

చంపింది అమ్మమ్మ. సాక్షులు ఇద్దరు. ఒకరు ఆవిడ మనవరాలు. రెండోవాడు ఆ పెట్టెను కన్నబిడ్డలా పెంచి, ఇవాళ పొద్దున్నే ఒళ్ళో పెట్టుకుని బస్సులో తీసుకొచ్చినవాడు.

"నేనేం చేయలేదు నాయనా. నువ్వు రాసిందే చేశాను" అంది అమ్మమ్మ, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి.

అది దుకాణాల్లో బిల్లులు కొట్టే లినక్స్ కంప్యూటరు పెట్టె. కరెంటు పోయి వస్తే లోపలి సర్వీసులు, అంటే బిల్లులు నడిపే ప్రోగ్రాములు, వాటంతట అవే లేవాలి. లేవకపోతే కొట్టుముందు జనం అరుస్తారు. వాటిని ఎలా సర్దుకోవాలో దుకాణదారులకు చెప్పే గైడ్లు రాయడం అతని పని. ఆ రాతను మనుషులు చదివేలా దిద్దడం ఆమె పని.

ఆఫీసులో అతన్ని రీస్టార్ట్ అంటారు. ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా "ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి" అంటాడు, పంటినొప్పికి కూడా. ఆమెను కామా అంటారు. ఎవరి వాక్యమైనా సరే, మధ్యలో దూరిపోతుంది.

మేనేజరు పెట్టిన రూలు ఒకటే. కంప్యూటర్ల గురించి బొత్తిగా తెలియని మనిషి ఎవరైనా గైడు చదువుతూ పెట్టెను సర్ది, కరెంటు తీసి పెట్టాక కూడా అది లేస్తే పాస్. లేకపోతే ఫెయిల్. రాసినవాడు దగ్గరుండి చూడాలి. నోరు మాత్రం మెదపకూడదు.

ఆ తెలియని మనిషిగా కామా వాళ్ళ అమ్మమ్మను ఎంచింది. ఆవిడ ఒక తరం మొత్తానికి టైపు నేర్పింది. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు కొడుతుంది. లేనిది చచ్చినా కొట్టదు.

"గైడులో ఏం రాశారు?" కామా పెన్సిలు తీసింది.

"సర్వీసును స్టార్ట్ చేయండి అని."

"స్టార్ట్ అంటే?"

"లేపడం."

"ఎప్పుడు?"

"ఇప్పుడు."

"మరి కరెంటు పోయి వచ్చాక?"

"అప్పటికి కూడా లేవాలంటే ఎనేబుల్ చేయాలండీ. అది అందరికీ తెలిసిందేగా!"

"అమ్మమ్మా, ఎనేబుల్ అంటే నీకు తెలుసా?"

"మందుబిళ్ళ పేరులా ఉంది. భోజనానికి ముందా, తర్వాతా?"

కామా అతని వైపు తిరిగింది. "స్టార్ట్ అంటే ఇప్పుడు ఒక్కసారి తట్టి లేపడం. ఎనేబుల్ అంటే ఇకమీదట పెట్టె లేచినప్పుడల్లా అదీ లేచేలా అలవాటు చేయడం. రెండూ వేరు, రెండూ కావాలి. ఈ రెండు ముక్కలు రాయడానికి చేతులు నొప్పెట్టాయా?"

పోట్లాడదామని నోరు తెరిచాడు. అప్పుడే ఆమె పెన్సిలును ముడిలో గుచ్చుకుని, అతని గైడు మీద ఎర్ర సిరాతో పెద్ద సున్నా చుట్టింది. ఆ సున్నా అతనికి చాలా అందంగా కనిపించింది.

అంతే. మనవాడు పడిపోయాడు. పెట్టె తన తప్పులు రాసుకునే ఏ లాగ్‌లోనూ ఎర్రర్ రాలేదు.

తిరుగు బస్సులో పెట్టెను ఒళ్ళో పెట్టుకుని ఆలోచించాడు. గైడు పాసైతే మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళడానికి కారణం ఉండదు. ఫెయిలైతే ఉంటుంది.

లెక్క తేలిపోయింది.

రెండోసారి వెళ్ళినప్పుడు వాన. బాల్కనీలో ఆరేసిన బట్టలు లాగడానికి ముగ్గురూ పరిగెత్తారు. అతని చేతికి అమ్మమ్మ చీర చిక్కింది, కాళ్ళకు చుట్టుకుంది, కామా పకపకా నవ్వింది. ఆ నవ్వు కోసం ఇంకో గైడు పాడుచేయొచ్చని అక్కడికక్కడే తీర్మానించుకున్నాడు.

నిజానికి పాడుచేసే తెచ్చాడు. సరుకుల లెక్కలుండే డేటాబేస్ లేస్తేనే బిల్లింగ్ లేవాలి. ఏది ఎలా లేవాలో చెప్పే కాన్ఫిగరేషన్ ఫైలులో దానికి ఆఫ్టర్ అని ఒక్కటే రాయించాడు.

"ఆఫ్టర్ అంటే వరస మాత్రమేనండీ" కామా తల పట్టుకుంది. "ఇద్దరూ వస్తుంటే ముందు నువ్వు, వెనక నేను. ముందువాడు అసలు బయల్దేరకపోయినా వెనకవాడు ఆగడు, వచ్చేస్తాడు. వాడు లేనిదే నేను రానని చెప్పాలంటే రిక్వైర్స్ కూడా రాయాలి. ఇది మీకు నేను చెప్పాలా?"

"చెప్పండి" అన్నాడు భక్తిగా. "ఇంకోసారి చెప్పండి."

మూడోసారి గైడులో ఫైలు మార్చమని రాశాడు గానీ, మార్చిన సంగతి సిస్టమ్‌కు తెలిపే రీలోడ్ లైను ఎగ్గొట్టాడు. అమ్మమ్మ ఎంత తట్టినా పెట్టె పాత ఫైలునే పట్టుకు వేలాడింది. ఫెయిల్. టీ వచ్చింది, బిస్కెట్లు వచ్చాయి. జీవితం బాగుంది అనుకున్నాడు.

సరిగ్గా అప్పుడే పడింది దెబ్బ.

"ఏమే" అంది అమ్మమ్మ, బిస్కెట్టు టీలో ముంచుతూ. "ఈ అబ్బాయి తప్పు నేను చేశాక నవ్వడం లేదు. తప్పున్న లైను దగ్గరికి నేను రాకముందే నవ్వుతున్నాడు."

కామా చేతిలోని కప్పు కింద పెట్టింది.

"కావాలనే తప్పులు రాస్తున్నారా?" కామా గొంతు చిన్నదైంది.

"అంటే... కావాలని కాదు... కావాలనే, కానీ..."

"నన్ను ఉద్యోగంలో ఖాయం చేయాలంటే నెలాఖరుకి ఈ గైడు పాసవ్వాలి. నిన్ననే మేనేజరు అడిగారు, నీకు దిద్దడం వచ్చా రాదా అని. మీకిది ఆటండీ. నాకిది బతుకుతెరువు."

అతని నోట్లో బిస్కెట్టు మట్టిలా అయిపోయింది.

"నాకు తెలీదు. నేను మళ్ళీ రావడానికి..."

"రావద్దు. ఫైలు పంపండి చాలు. ఈ గడప తొక్కకండి."

పెట్టెను బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయాడు. రెండ్రోజులు ఆఫీసులో ఎవరికీ రీస్టార్ట్ చేయమని చెప్పలేదు. జ్వరమేమోనని అందరూ నుదురు పట్టి చూశారు.

కూర్చుని గైడు మొదటినుంచీ తిరగరాశాడు. ప్రతి లైనునూ అమ్మమ్మ కళ్ళతో చదివాడు. తడబడే చోటల్లా ఇంకో మాట రాశాడు. ఇది పాసవుతుందని అతనికి తెలుసు. పాసైతే ఆమె మొహం చూడ్డానికి ఉన్న ఆఖరి సాకు కూడా పోతుందనీ తెలుసు. పంపించేశాడు.

గంటలో ఫోను. అమ్మమ్మ.

"రాసినవాడు దగ్గరుండాలని రూలు కదా అబ్బాయ్. నువ్వు లేకుండా నేను ఒక్క మీట నొక్కను."

"గడప తొక్కొద్దన్నారండీ."

"వీధికి గడప ఉందా?"

అలా మనవాడు వానలో, వీధిలో, వాళ్ళ బాల్కనీ కింద నిలబడ్డాడు. బాల్కనీలోకి బల్ల జరిపించి అమ్మమ్మ పరీక్ష మొదలెట్టింది.

"ఫైలు తెరిచాను!" పైనుంచి కేక.

కింద తలూపాడు.

"ఆఫ్టర్ రాశాను! రిక్వైర్స్ రాశాను!"

ఎదురింటి కిటికీ తెరుచుకుంది. కూరగాయల బండివాడు ఆగాడు.

"రీలోడ్ చేశాను! ఎనేబుల్ చేశాను! స్టార్ట్ కూడా చేశాను! ఇప్పుడు కరెంటు తీస్తున్నా!"

"దేనికి తీస్తున్నారు? ఎవరికైనా బాలేదా?" అడిగాడు బండివాడు.

రూలు ప్రకారం నోరు మెదపకూడదు. చేతులతో సైగ చేశాడు. బండివాడికి ఇంకా భయమేసింది.

పైన మళ్ళీ మీట నొక్కిన చప్పుడు. వాన చెవుల్లోంచి కారుతోంది. ఒక్క లైను తప్పుంటే ఆమె ఉద్యోగం పోతుంది. దేవుడా, పాసవ్వాలి, నేను మళ్ళీ రాకపోయినా ఫరవాలేదు అనుకున్నాడు. రెండుసార్లు ఫెయిలవ్వాలని మొక్కినవాడు, ఫెయిలవ్వకూడదని మొక్కడం ఇదే మొదలు.

"లేచింది!" అమ్మమ్మ రెండు చేతులూ ఎత్తింది. "పచ్చగా ఉంది! యాక్టివ్ అంటోంది! పాస్!"

ఎదురింటివాళ్ళు చప్పట్లు కొట్టారు. ఎందుకో వాళ్ళకే తెలీదు.

అమ్మమ్మ పక్కన కామా వచ్చి రెయిలింగు పట్టుకుంది. మొహం వెలిగిపోతోంది. కింద అతన్ని చూడగానే ఆ వెలుగును కాస్త దాచడానికి ప్రయత్నించింది.

"ఒక్క కామా కూడా పెట్టాల్సిన పని లేకుండా రాశారు" అంది.

"మీరు నేర్పారు."

"ఇంకా ఏమైనా గైడ్లున్నాయా?"

"లేవు. అయిపోయాయి."

"మరి వానలో ఎందుకు నిలబడ్డారు?"

"వెళ్ళిపోవడానికి కాళ్ళు రావడం లేదు." ఇక దాచి లాభం లేదనిపించింది. "మిమ్మల్ని చూడ్డానికి నాకు తెలిసిన ఒకే ఒక్క దారి తప్పులు రాయడం. అది తప్పుడు దారి. మీ ఉద్యోగానికి ఎసరొస్తుందని తెలిసుంటే ఒక్క లైను కూడా ఎగ్గొట్టేవాణ్ణి కాదు. మీరంటే ఇష్టం. అంతేనండీ. వెళ్తాను."

బండివాడు "అదా సంగతి!" అని కూరల మీద కప్పిన గోనెపట్టా తీసి అతని నెత్తిన కప్పాడు.

"రేపు..." అని ఆగింది కామా. ఆమె వాక్యం మధ్యలో ఆగడం అతను చూడటం అదే మొదటిసారి.

"రేపు సాయంత్రం రండి" అంది చివరికి.

"దేనికండీ? పరీక్ష ఏమైనా...?"

"పరీక్షా లేదు, పెట్టే లేదు." ఆమె నవ్వు ఆపుకుంది, ఆగలేదు. "ఊరికే రండి."

"ఊరికే ఏమిటే!" అమ్మమ్మ రెయిలింగు మీంచి సగం వంగి వీధంతా వినపడేలా అరిచింది. "ఆదివారం రమ్మను, మీ నాన్న ఇంట్లో ఉంటాడు! అబ్బాయ్, వచ్చేటప్పుడు మీ అమ్మగారిని కూడా తీసుకురా!"