శుక్రవారం పుట్టిన గులాబీ కాగితం

పదిహేడో తారీఖు శుక్రవారం పడిందంటే తోర్రెమల్వాలో పిల్లి కూడా గడప దాటదు. పెళ్లిళ్లు ఉండవు, ప్రయాణాలు ఉండవు, పళ్ల డాక్టరు పన్ను పీకడు. కారు నేర్చుకునేవాళ్లకి బండ్ల ఆఫీసు ఇచ్చే గులాబీ కాగితం కోసం మామూలుగా నాలుగు నెలలు ఆగాలి. తెక్లాకి మాత్రం వారంలోనే తేదీ దొరికింది. ఏ తేదీయో వేరే చెప్పాలా?

ఆ తేదీతో తెక్లాకి పేచీ లేదు. ఆమె నర్సు. కొండ మీది ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగి ముసలివాళ్లను చూసుకునే ఉద్యోగం వచ్చింది. సోమవారానికల్లా గులాబీ కాగితం చూపిస్తే ఉద్యోగం ఆమెది, లేకపోతే జాబితాలో తర్వాతి పేరుది. అప్పట్లో దరఖాస్తు ఇస్తే చాలు, కాగితం చేతిలో పెట్టేవారు. పరీక్షలన్నీ ఆ తర్వాతే.

పేచీ అంతా ఆమెను పెంచిన మేనత్త ఫిలొమేనాది. అత్త చేసిన ఏర్పాట్లు చూస్తే పిల్ల పక్క ఊరి ఆఫీసుకి వెళ్తోందో, యుద్ధానికి వెళ్తోందో తెలిసేది కాదు. రెండు ఫొటోలు అడిగితే పన్నెండు తీయించింది. కంటి డాక్టరు కాగితానికి మూడు నకళ్లు. గుమాస్తాకి బాదం బిస్కెట్లు. దిష్టి తగలకుండా ఫైల్లో ఎర్ర పగడపు కొమ్ము. చివరికి దరఖాస్తు కూడా తన గుండ్రటి అక్షరాలతో తనే నింపి, తేదీ దగ్గర పదహారు వేసింది.

"అత్తా, వెళ్లేది పదిహేడున కదా!"

"వెళ్లేది నువ్వు. కాగితం మీదికి ఆ పాడు అంకె ఎందుకు? నోర్మూసుకుని సంతకం పెట్టు."

తెక్లా పెట్టింది. అత్తతో వాదించి గెలిచినవాళ్లు ఆ వీధిలో లేరు. మామయ్య ఒకసారి ప్రయత్నించాడంటారు. ఆయన పోయి ఆరేళ్లయింది, ఆయన కారు మాత్రం గరాజులో అలాగే ఉంది.

ఇక రెవెన్యూ స్టాంపు ఒక్కటే మిగిలింది. గురువారం సాయంత్రం తెక్లా పొద్దుపోయాక వెళ్తే, స్టాంపులూ బస్సు టికెట్లూ కూడా అమ్మే సవేరియో పొగాకు కొట్టు మూసి ఉంది. శుక్రవారం పొద్దున్నే మళ్లీ వెళ్లింది.

"రా తెక్లా! ఇవాళ గడప దాటిన వీరులం ఊళ్లో మనిద్దరమే."

"కబుర్లు తర్వాత. ఒక స్టాంపు, ఒక బస్సు టికెట్టు. త్వరగా!"

"ఒక్కటేనా? పది టికెట్ల కట్ట చవక. రెండేళ్లుగా మొత్తుకుంటున్నాను."

"నేనొచ్చింది సలహాలు కొనడానికి కాదు."

సవేరియో స్టాంపు మిషన్ మీట నొక్కాడు. అది మూలుగుతూ తేదీ, సమయం అచ్చు వేసింది.

"గులాబీ కాగితం వస్తే ఇక బస్సెక్కవన్నమాట."

"ఎందుకెక్కుతాను?"

"మరి నా దగ్గర టికెట్లెవరు కొంటారు?"

"ఊళ్లో ముసలమ్మలకి కరువా?"

అతని మూతి ముడుచుకుపోయింది. ఆ మూతి చూసి నవ్వాపుకుంటూ తెక్లా బల్ల మీదే దరఖాస్తుకి స్టాంపు అంటించి, బస్సు కోసం పరుగెత్తింది.

ఆఫీసులో ఈగలు తప్ప ఎవరూ లేరు. గుమాస్తా ఆ రోజు కీడు సోకకుండా ఒక చేత్తో ఇనప తాళంచెవి పట్టుకుని, రెండో చేత్తో కాగితాలు తిప్పాడు.

"ఏమ్మా, ఈ దరఖాస్తు నిన్న రాశావు. స్టాంపేమో ఇవాళ ఎనిమిదీ పదికి పుట్టింది."

"అయితే?"

"తల్లి కంటే ముందు పిల్ల పుట్టినట్టుంది వ్యవహారం. ఇది చెల్లదు."

"తేదీ దిద్దేస్తాను."

"దిద్దితే అసలు చెల్లదు."

"స్టాంపు పీకి వేరే ఫారానికి..."

"పీకితే నేరం. కొత్త ఫారం నేనిస్తాను, కొత్త స్టాంపు నువ్వు తెచ్చుకో. పన్నెండుకి మూసేస్తాను."

"ఇక్కడ పొగాకు కొట్టుందా?"

"ఉంది. కానీ శుక్రవారం, పదిహేడు... తెరుస్తాడా?" ఆయన బాదం బిస్కెట్టు కొరికాడు. "మీ ఇంట్లో ఎవరో పదిహేడు వేయనన్నారు, అవునా? తప్పుపట్టను. మా ఆవిడ నన్ను ఇవాళ ఆఫీసుకే వెళ్లొద్దంది."

వెళ్లి చూస్తే ఆ కొట్టుకి తాళం. తిరుగు బస్సు మధ్యాహ్నం గాని లేదు. తెక్లా మెట్ల మీద కూలబడింది. రెండేళ్లు ఎదురుచూసిన ఉద్యోగం ఒక అంకె దగ్గర జారిపోతోంది. ఆపుకుందామన్నా కన్నీళ్లు ఆగలేదు.

పదకొండున్నరకి ఒక కారు కీచుమంటూ ఆగింది. దిగింది సవేరియో. అతను నోరు తెరిచే లోపే తెక్లా అతని మీద విరుచుకుపడింది.

"కావాలనే చేశావు కదూ! పదహారని అంత పెద్దగా రాసి ఉంటే నీకు కనపడలేదా? టికెట్లు కొనే మనిషి పోతుందని కడుపుమంట!"

"ఫారం చూశాను. చదవలేదు."

"ఎందుకు చదవలేదు?"

"నిన్ను చూస్తున్నాను కాబట్టి!" అరిచేశాడు సవేరియో. ఆ తర్వాత తన అరుపుకి తనే కంగారుపడి గొంతు తగ్గించాడు. "నువ్వెళ్లిన ఎంతసేపటికో ఆ పదహారు గుర్తొచ్చి బుర్ర వెలిగింది. కొట్టు మూసి వచ్చాను. ఇదిగో స్టాంపు. నువ్వు బస్సెక్కడం మానేస్తే నాకు ఏడుపే, నిజం. కానీ నువ్వు ఏడిస్తే నేను చూడలేను తెక్లా."

పని వేళలో ఆ కొట్టు మూయడం ఊరెరగదు. వాళ్ల తాత పోయిన రోజు కూడా మధ్యాహ్నం దాకా సిగరెట్లు అమ్మారు. తెక్లా స్టాంపు అందుకుంది. కళ్లు తుడుచుకుని లోపలికి నడిచింది.

పన్నెండుకి అయిదు నిమిషాలుండగా గులాబీ కాగితం మీద ముద్ర పడింది.

"జాగ్రత్త," అన్నాడు గుమాస్తా. "పక్కన మనిషి లేకుండా నడపకూడదు. ఆ మనిషికి లైసెన్సు వచ్చి పదేళ్లు దాటాలి, వయసు అరవై అయిదు దాటకూడదు. ఇంట్లో ఎవరైనా ఉన్నారా?"

"లేరండీ."

సవేరియో పైకప్పు వైపు చూస్తూ అన్నాడు. "నేను పద్దెనిమిదేళ్లకే తీసుకున్నాను. ఇప్పుడు ముప్పై రెండు."

"నిన్నెవరడిగారయ్యా?"

"నేనడుగుతున్నాను," అంది తెక్లా.

తిరుగుదారిలో సవేరియో ఆలివ్ తోటల మధ్య నుంచి కారు నడుపుతున్నాడు.

"కట్ట చవకని నాకు తెలియదనుకున్నావా?" అంది తెక్లా ఉన్నట్టుండి.

"మరి రెండేళ్లూ ఒక్కొక్కటే ఎందుకు కొన్నావు?"

"కట్ట కొంటే వారం దాకా నీ కొట్టుకి రావక్కర్లేదుగా, మొద్దూ!"

కారు తోటలోకి దిగబోయి, ఎలాగో రోడ్డెక్కింది.

ఫిలొమేనా అత్త గుమ్మంలోనే నిలబడి ఉంది. జరిగిందంతా విన్నది. గులాబీ కాగితం చూసింది, సవేరియోని చూసింది, తెక్లా మొహం కాస్త ఎక్కువసేపు చూసింది.

"శుక్రవారం, పదిహేడు! బుద్ధున్నవాళ్లు మనసులు కలుపుకునే రోజేనా ఇది?" అని తల కొట్టుకుంది. తర్వాత ఫైల్లోంచి ఎర్ర కొమ్ము తీసి సవేరియో జేబులో వేసి, చొక్కా సర్దింది. "కుర్రాడు మంచివాడే. రేపు శనివారం, పొద్దున్నే వచ్చి మా ఆయన కారు తియ్యి. కానీ ఎవరైనా అడిగితే మాత్రం, ఇదంతా నిన్న సాయంత్రం కొట్లో మొదలైందని చెప్పండి. గురువారం, పదహారు."

"నిన్న సాయంత్రం కొట్టు మూసి..." అనబోయాడు సవేరియో.

తెక్లా అతని కాలు గట్టిగా తొక్కింది.