హాల్లో ముప్పై అడుగుల గోడ

సైనిక్‌పురిలో ఒక వీధి చివర ఖాళీ ఇల్లు ఉంది. పాలవాడు పగటిపూట కూడా దాని గేటు ముందు బండి ఆపడు. పనికి దిగిన పెయింటర్లు ముగ్గురు సామాన్లు వదిలేసి పారిపోయారు. లోపల ఏదో కుళ్ళుతోందనీ... దానికి మాటలు కూడా వచ్చనీ ఆ వీధివాళ్ళు చెప్పుకుంటారు.

ఆ ఇంటిని పిల్లల లైబ్రరీ చేద్దామని కొన్న కల్పలత, హాల్లో ముప్పై అడుగుల గోడ మీద బొమ్మలు వేసే పని చిత్రకారిణి హిమజకు అప్పజెప్పింది. ఒక పొడవాటి రైలు, కిటికీకో జంతువు తొంగిచూడాలి. పన్నెండు కిటికీలు.

ఒప్పుకున్నప్పుడు హిమజ ఎగిరి గంతేసింది. గోడ ముందు నిలబడ్డాక మాత్రం చేతులు ఆడలేదు. గీసింది, తుడిచింది. మళ్ళీ గీసింది, సున్నం పూసేసింది. ఎనిమిది రోజులు పగలంతా ఇదే తంతు. తన గీతలు చూసి 'నాతోని కాదు' అనుకునేది.

ఎల్లుండి లైబ్రరీ ప్రారంభం. ఒక్క కిటికీ కూడా లేదు. ఆ రాత్రి ఒంటరిగా వెళ్ళింది. పదకొండు దాటాక కరెంటు పోయింది.

ముందు కంపు వచ్చింది. చచ్చిన ఎలుక కాదు... అంతకంటే పుల్లగా, జిగటగా, నాలుక మీద పేరుకునే కంపు.

తర్వాత — చెవి పక్కనే గుసగుస.

"నీతోని కాదు..."

పారిపోదామనే అనుకుంది. కానీ ఎనిమిది రోజులుగా తనకు తాను చెప్పుకుంటున్నదీ ఆ మాటే! భయం కంటే రోత ఎక్కువైంది — ఆ కంపు మీద, తన మీద.

ఫోన్ లైటు వేసి కుర్చీ మీద నిలబెట్టింది. ముప్పై అడుగుల గోడ చీకట్లో మాయమైంది. పళ్ళెమంత వెలుగులో ఒక్క కిటికీ పట్టే జాగా మిగిలింది.

"ఇదొక్కటే," అనుకుంది. "మిగిలింది నాకు కనబడతనే లేదు."

చున్నీ ముక్కుకు కట్టుకుని ఎలుగుబంటి మొహం వేసింది. ఒక చెవి పెద్దదైంది. తుడవలేదు.

కంపు ఇక భరించలేక, ఫోన్ అందుకుని అది వస్తున్న వెనక గది తలుపు తన్నింది.

బకెట్ నిండా కుళ్ళిన మైదా బంక. పైన తెల్లగా కదిలే పురుగులు. మూతికి గుడ్డ కట్టుకుని దాన్ని కర్రతో కలుపుతూ... ఒక ముసలాయన!

"ఎవరు నువ్వు? ఏందీ అసహ్యం?"

ఆయన గుడ్డ విప్పి తల దించుకున్నాడు. "నా పేరు బ్రహ్మచారి బిడ్డా. మెట్టుగూడల బోర్డులు రాసేటోణ్ణి. ఈ గోడ ముందుగాల నాకే ఇచ్చిన్రు. ఒక్క గీత సుత గియ్యలేక ఉరికిన. ఇంకెవరన్న గీస్తే నా ఇజ్జత్ ఏమైతది? అందుకే ఎవరొచ్చినా దొంగతనంగ దూరి గిట్ల కంపు లేపుతున్న..."

ఆయన గోళ్ళలో ఎండిన బంక చూసి హిమజ ముక్కుకున్న చున్నీ ఇంకా బిగించింది. రేపటి తన మొహమే ఎదురుగా కూర్చున్నట్టనిపించి మరీ రోత పుట్టింది.

"అది బయట పారబోసి రా తాతా. సబ్బుతో చేతులు కడుక్కో. వచ్చి కిటికీలకు అంచులు గియ్యి."

ఆయన వచ్చాడు. మొదటి గీత వణికింది. రెండోది దారం పట్టినట్టు తిన్నగా సాగింది.

"బాగనే భయపెట్టినవ్," అంది హిమజ నవ్వుతూ. "చెవిల గుసగుసలు సుత పెట్టి."

బ్రహ్మచారి కుంచె ఆగిపోయింది.

"కంపు నాదే బిడ్డా... ఆ మాట నేననలే. ఆ మాట ఇనే గద, అప్పుడు నేను ఉరికింది!"

వెనక చీకట్లో... ఎవరో ఊపిరి పీల్చారు.

ఇద్దరూ తిరిగి చూడలేదు.

"గియ్యి తాతా," అంది హిమజ, కుంచె రంగులో ముంచుతూ. "తెల్లారేదాక ఆపకు."