కిరీటాల సైదమ్మ

పొద్దున్నే వాకిలి ఊడ్చి, సైదమ్మ అట్టకు జిగురు పూసి బంగారు కాగితం అంటిస్తోంది. నవమి దగ్గరపడింది. నాటకాలాడే ఊళ్ళన్నీ ఆమె చేసే కిరీటాలనే కిరాయికి పట్టుకుపోతాయి. భర్త పోయినప్పటి నుంచి ఆమె బతుకూ, కొడుకు రాఘవులు చదువూ ఆ కిరాయి కొట్టు మీదే నడిచాయి.

అదే కొడుక్కి పాల్వంచలో కరెంటు నౌకరీ దొరికాక ఆ కొట్టంటే నామోషీ పట్టుకుంది. పైగా ఆ సాయంత్రం, అతనికి చూసిన పెళ్ళిపిల్ల తండ్రి ఇల్లు చూసుకోవడానికి వస్తున్నాడాయె!

"అమ్మా, ఇవన్నీ తీసి పసుల పాకల పెట్టు. నువ్వేం చేస్తవని అడిగితే, ఇంట్లనే ఉంటనని చెప్పు. ఈ నవమితోని కొట్టు బందు."

"బందా? ఎందుకురా?"

"వేషాలామె కొడుకంటరు. నా ఇజ్జత్ ఏం గావాలె?"

సైదమ్మ జిగురు గిన్నె పక్కన పెట్టింది. "సరే బిడ్డా, బందు చేస్త. మన కొట్టుకు పని చేసే పగిడయ్యకు, జంపక్కకు ఆ ముచ్చట నువ్వే చెప్పి రా. నాకు నోరు రాదు."

అదెంత పని అనుకుంటూ బయల్దేరాడు రాఘవులు.

వడ్రంగి పగిడయ్య వాకిట్లో భీముడి గదలు రంగు ఆరుతున్నాయి. "దా అల్లుడా! దున్నే నాగండ్ల పని లేని ఎండకాలంల గూడ మీ అమ్మ పుణ్యాన చేతినిండ పనే" అన్నాడు. రాఘవులు ఒక గదను తిప్పి చూసి, వచ్చిన పని చెప్పకుండానే ముందుకు నడిచాడు. జంపక్క ఇంట్లో కూతుళ్ళంతా కిరీటాలకు పూసలు గుచ్చుతున్నారు. "పినపాక సంతల మనూరి పేరు చెప్తే, కిరీటాల ఊరా అంటున్నరు తమ్మీ!" అని ఆమె మురిసిపోయింది. అక్కడి నుంచి హోటలు దారి పట్టాడు. హోటలు బల్ల మీద నాటకాలవాళ్ళు టీలు తాగుతూ సైదమ్మ కొట్టు తెరిచే వేళ కోసం చూస్తున్నారు.

"చెప్పినవా?" అడిగింది తల్లి.

తల అడ్డంగా ఊపి లోపలికి పోయాడు.

సాయంత్రం పిల్ల తండ్రి మంచినీళ్ళు తాగి, "వదినగారు ఏం చేస్తుంటరు?" అన్నాడు.

"నేను ఇంట్లనే..." అంది సైదమ్మ, కొడుకు నేర్పిన మాట అప్పజెబుతూ.

"మా అమ్మ ఊరికి పని చూపెడ్తదండి!"

రాఘవులు పాకలోకి వెళ్ళి, రాముడి కిరీటం రెండు చేతులతో తెచ్చి ఆయన ముందు పెట్టాడు. "ఇది మా అమ్మ చేసింది. దీని మీదనే సగం ఊరు తింటున్నది. నేను చదివింది గూడ దీని మీదనే. కొట్టు ఉంటది. ఇష్టమైతేనే పిల్లనియ్యండి."

ఆయన ఏమన్నాడో సైదమ్మకు వినపడలేదు. కొడుకు మాటకే ఆమె కళ్ళు నిండిపోయాయి.