మొక్క కోసం పెట్టిన కెమెరా

"రేపు స్కూల్లో పిల్లల సినిమాలు చూపిస్తారట. నువ్వు రానక్కర్లేదులే, నేను చూసొస్తా," అన్నాడు అతను, డ్యూటీ నుంచి వచ్చి డ్రైవరు చొక్కా కొక్కేనికి తగిలిస్తూ.

ఆమె చేతిలో గరిటె ఆగింది.

"అంతేలెండి. చదువు సగంలో ఆగిపోయిన పెళ్లాన్ని నలుగురిలోకి ఏం తీసుకెళ్తారు?"

"నేనేమన్నాను, నువ్వేమంటున్నావ్?"

"అనక్కర్లేదు. అర్థమైంది."

నిజానికి ఆమె భయం వేరే ఉంది.

ఆదివారం కూతురు స్కూలు ట్యాబ్ ఇంటికి తెచ్చింది. కిటికీలో మొక్క వెలుగు వైపు ఎలా తిరుగుతుందో నిమిషానికో ఫొటో తియ్యాలి. ఆ ఫొటోలన్నీ కంప్యూటర్‌లో వరసగా పేర్చి సినిమా చెయ్యాలి. అదీ ప్రాజెక్టు. వంటింటి కిటికీలో ట్యాబ్‌ని మొక్క వైపు నిలబెట్టి, "నాకు డాన్స్ క్లాసుంది. ఎండ రాగానే ఆ గుండ్రటి బటన్ నొక్కమ్మా, అంతే. మిగతాది అదే చూసుకుంటుంది," అని చెప్పి పరిగెత్తింది పిల్ల.

ఆమె నొక్కింది. గుండ్రటిది కాదు, దాని పక్కది. తెర మీద మొక్క మాయమై, రేగిన జుట్టుతో తన మొహమే కనిపించింది. కంగారులో గుండ్రటిది కూడా నొక్కేసింది. తెర నల్లబడింది. ఇంక దాన్ని ముట్టుకోలేదు, ఎవరికీ చెప్పలేదు.

సోమవారం పిల్ల బడి నుంచి వస్తూనే, "మొక్క ఒక్క ఫొటోలో కూడా లేదమ్మా," అంది.

ఆమె పని వదిలేసి పిల్ల వైపు తిరిగింది. "మరెలా?"

"సార్ ఉన్నవాటితోనే చెయ్యమన్నారు. చేసేశా."

"వాటిలో ఏమున్నాయే?"

"సస్పెన్స్," అని మూతి బిగించింది.

తన వేలు చేసిన పనికి పిల్ల నవ్వులపాలు కాకూడదు. ఎవరైనా నవ్వితే లేచి నిలబడి, తప్పు నాది, పిల్లది కాదు అని చెప్పెయ్యాలి. అలా గట్టిగా అనుకుని, మర్నాడు అతను వద్దన్నా వినకుండా వెంట బయల్దేరింది.

బయట వాన. కంప్యూటర్ రూమ్‌లో తెరలు దించి, కుర్చీలు వేశారు. ఒకరి సినిమాలో మబ్బులు పరిగెత్తాయి. ఇంకొకరి సినిమాలో ఐసుముక్క కరిగి నీళ్లయింది. తర్వాత రంగురంగుల అక్షరాలతో "మా వంటిల్లు" అని పడింది.

బొంగరంలా తిరుగుతోంది ఆమె. పొయ్యి దగ్గర, సింకు దగ్గర, మళ్లీ పొయ్యి దగ్గర. గదంతా నవ్వు. ఆమె లేవబోయింది. పక్కనుంచి అతని చెయ్యి మణికట్టు మీద పడింది.

"ఆగు," అన్నాడు. గొంతులో ఏదో బెరుకు.

తెర మీద ఆమె పొయ్యి వైపు తిరగ్గానే గుమ్మంలో అతను ప్రత్యక్షం. ఇటు తిరిగేసరికి లేడు. అటు తిరిగితే ఉన్నాడు. పిల్లలు పడీపడీ నవ్వుతున్నారు. ఆమె లేనప్పుడు వచ్చి, ఊగుతున్న బాండీ పిడి బిగించాడు. అది దానంతటదే ఎలా బిగిసిందా అని ఆమె మొన్నటి నుంచీ ఆలోచిస్తూనే ఉంది.

చివర్లో ఆమె సింకు ముందు నిలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. వెనక గుమ్మంలో అతను, ఒక కాలు లోపల, ఒక కాలు బయట. ఆవిరి పరిగెడుతోంది, ఎండ పరిగెడుతోంది, ఆమె చేతులు పరిగెడుతున్నాయి. అతనొక్కడే కదల్లేదు.

నవ్వులు ఆగిపోయాయి.

కంప్యూటర్ సార్ లైటు వేశారు. "బాగుందమ్మా. కానీ ప్రాజెక్టులో మొక్క వెలుగు వైపు తిరగాలి కదా. మొక్కేదీ?"

"మా నాన్నే, సార్," అంది పిల్ల.

తిరుగుదారిలో గొడుగు ఒకటే. పిల్ల రెయిన్‌కోటులో ముందు గెంతుతోంది.

"ఎందుకు రావద్దన్నారు?"

"నిద్రలో కూడా బటన్, బటన్ అని పలవరిస్తున్నావు. ఆ భయంతో అక్కడ కూర్చోలేవేమోనని."

"అది చెప్పచ్చుగా."

"చెప్పనిచ్చావా?"

ఆమె నవ్వు దాచుకుంది. గొడుగు అంతా తన వైపే వంగి ఉండటం, అతని ఎడమ భుజం తడిసిపోవడం అప్పుడు చూసింది. కర్ర పట్టుకుని నిటారుగా నిలిపింది.

"అయినా గుమ్మంలో ఆ కాపలా ఏమిటి? లోపలికి రావచ్చుగా."

"వస్తే అడ్డం లేవండి అంటావు."

"అంటాను," అంది ఆమె, అతనికి ఇంకాస్త దగ్గరగా జరిగి. "అయినా రండి."