యంత్రం తీసేసిన మాట

నైరీ ఉద్యోగం పోయిన మంగళవారం వెల్లింగ్టన్‌లో దక్షిణపు గాలి గొడుగులు విరగ్గొడుతోంది.

"ఏఐ ఎవరి ఉద్యోగాలూ తీసుకోదు, సాయం చేస్తుందంతే," అన్నాడు మేనేజర్ గ్రాహమ్, చీజ్ స్కోన్ అనే చిన్న రొట్టె నములుతూ. ఆ సాయం కూర్చోడానికి చోటు కావాలని కాబోలు, నైరీ కుర్చీ ఖాళీ చేయించాడు.

కార్లను కూడా దాటించే ఫెర్రీ పడవల టికెట్లు అమ్మే ఆ కంపెనీలో ఒకరు రాసిన కోడ్‌ను మరొకరు చదివి ఒప్పుకోవాలి. మూడేళ్ళుగా తోటి ఉద్యోగి టవీటా కోడ్ చదివింది నైరీయే. "ఏం మహానుభావా, ఇది నిద్రలో రాశావా?" అని పక్కన రాసేది. ఆ వెక్కిరింత కోసమే అతను అప్పుడప్పుడు కావాలని ఒక తప్పు వదిలేవాడు.

ఆమె ఉద్యోగం పోయే ముందు రోజు, సోమవారం సాయంత్రం మాత్రం, కోడ్ మధ్యలో, కంప్యూటర్ పట్టించుకోని వ్యాఖ్యగా ఇలా రాశాడు: "నైరీ, నువ్వంటే నాకిష్టం. శనివారం ఖాళీయేనా?"

మర్నాడు పొద్దున్నే నైరీకి బదులు దాన్ని చదివింది ఏఐ. "అద్భుతమైన పని! అనవసరమైన వ్యాఖ్య తొలగించాను. దాని మీద ఏదీ ఆధారపడి లేదు," అంది.

టవీటా ఆమెకు ఫోన్ చేయలేదు. ఉద్యోగం ఉన్నవాడు, అది పోయినామెకు ఫోన్ చేసి ఏమంటాడు?

ఆరు వారాల తరువాత ఒకే ఫెర్రీలో ఒకే చోటు రెండు కార్లకు అమ్ముడుపోయింది. రేవులో ఇద్దరు డ్రైవర్లు కొట్టుకోబోయారు. తప్పు ఎక్కడుందో ఏఐకి అంతుపట్టలేదు. గ్రాహమ్ నైరీని పిలిపించాడు.

"అంటే, ఇప్పుడు దానికి నేను సాయమా?" అంది నైరీ, తడిసిన కోటు దులుపుతూ.

"తాత్కాలికంగా," అన్నాడు గ్రాహమ్, నేల చూపులు చూస్తూ.

ఆమె కోడ్‌లో జరిగిన పాత మార్పుల చిట్టా అంతా తిరగేసింది. తొలగించిన వరుసలు కూడా అక్కడ భద్రంగా ఉంటాయి. మధ్యాహ్నానికి ఆమె ఒక చోట ఆగింది.

"టవీటా, ఇలా రా. ఈ తప్పు నీదేనా?"

"నాదే. ఈసారి కావాలని వదల్లేదు."

"దాని కింద ఉన్నది?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "అదీ నాదే."

"రెండూ ఒకే రోజు రాశావు. యంత్రం తీసేయాల్సింది ఉంచి, ఉంచాల్సింది తీసేసింది," అంది నైరీ. "సరే, దానికి తెలియదు. ఆరు వారాలు నీ నోరేమైంది?"

"సిగ్గేసింది. నువ్వు వెళ్ళావు, నేనుండిపోయాను."

"వేయాలి మరి." ఒప్పుకోని కోడ్ పక్కన రాసినట్టే, ఆమె ఆ వరుస పక్కన టైపు చేసింది: "మార్పు కావాలి. నోటితో చెప్పు."

ఇద్దరూ కింద కాఫీ కొట్టులో కూర్చున్నారు. వాన అద్దాలను కొడుతోంది. టవీటా స్కోన్‌ను రెండు ముక్కలు చేసి, పెద్దది ఆమె ముందుకు జరిపాడు. నైరీ తినకుండా అతని వైపే చూస్తోంది.

అతను ఆ మాట ఇంకా చెప్పలేదు.