పిడి కొలత

"బాడిశ నా జ్ఞాపకంలో లేదు. దగ్గరి రూపం ఒకటుంది" అంది గోడలోని యంత్రం, రూపకి.

గోడ మీద బొమ్మ వెలిగింది. నాలుగు వేల ఏళ్ల కిందట ఈజిప్టు రాతిలో చెక్కిన అక్షరం అది. వంగిన పిడి, దాని కొసన తోలుతో బిగించిన, చెక్క చెక్కే పదును పలక. మంచం మీది సూరాచారి కళ్లు మెరిశాయి. పక్షవాతం మాట లాగేసుకుంది గానీ, వడ్రంగి కళ్లు వడ్రంగివే.

"నీ బాడిశే నాన్నా!" అంది కూతురు రాజ్యం.

ఆ ఇంటి ఆచారం ఒకటే. ఊపిరి పోయేలోపు వడ్రంగి చేతిలో బాడిశ ఉండాలి, తన గుప్పిటకు సరిపోయే పిడితో. అడిగిన వస్తువునల్లా నిమిషంలో పోతపోసే రూపకి ఇరవై ఏళ్ల కిందట ఇంటింటికీ వచ్చింది. ఇంకెందుకని సర్కారువాళ్లు పనిముట్లన్నీ కరిగించడానికి పట్టుకుపోయారు. తండ్రి బాడిశను బండిలో వేసింది రాజ్యమే. బొమ్మ తీస్తే పదును పోతుందని ఈ పనివాళ్లు పనిముట్లను ఏనాడూ ఫొటో తీయనివ్వలేదు. ఇక లోకానికి మిగిలిన బాడిశ ఆ రాతిలోదే. మనుషుల చేతులు కట్టేసి దానికి సుఖమని పేరు పెట్టారు. ఎవడడిగాడు?

రూపకి అరలోంచి బాడిశ జారింది. పక్కింటి భూషణం దాన్ని తెచ్చి ముసలాయన చేతిలో పెట్టాడు. వేళ్లు పిడి చుట్టూ తడుముకున్నాయి. తోసేశాయి.

"ఏం పెద్దాయనా, పెళ్లికూతురు నచ్చలేదా?" అన్నాడు భూషణం.

రాజ్యం ఆ పిడిని తండ్రి గుప్పిట పక్కన పెట్టి చూసింది.

"పిడి లావు బాబాయ్, గుప్పిట పట్టట్లేదు. రూపకీ, మా నాన్న చేతికి కొలిచి చెయ్యి."

"కొలుస్తాను. గుప్పిట నిమిషంపాటు కదలకూడదు."

ఆ చెయ్యి వణుకుతూనే ఉంది. రాజ్యం అదిమి పట్టింది.

"మీ చేతులు అడ్డు. తీయండి."

తీసింది.

"గుప్పిట కదులుతోంది."

"కదలకేం చేస్తుందే, బతికున్న మనిషి చెయ్యి! ఉజ్జాయింపుగా చెయ్యి!"

"ఉజ్జాయింపు నాకు చేతకాదు. గుప్పిట కదులుతోంది."

"దీని మొహం మండ! పగలగొడదామంటే సుత్తి కూడా లేదు కదే అమ్మా" అన్నాడు భూషణం.

సూరాచారి కూతురి వంకే చూస్తున్నాడు. ఆ చూపులో తిట్టుంటే బావుండేది. లేదు. ఛాతీ ఒకసారి ఎగిసి, దిగి, మళ్లీ లేవలేదు. వేళ్లు సగం ముడుచుకుని, మధ్యలో ఇంత ఖాళీతో ఆగిపోయాయి.

"నాన్నా!"

సరిగ్గా నిమిషం గడిచింది.

"కొలత దొరికింది. సహకరించినందుకు ధన్యవాదాలు."

అరలోంచి ఇంకో బాడిశ జారింది. రాజ్యం దాని పిడిని ఆ ఖాళీలోకి దూర్చింది. వెంట్రుకవాసి తేడా లేదు.

"ఇంకేమైనా కావాలా?" అని అడిగింది రూపకి.