గుట్ట దగ్గర లెక్క

తెరచాపలు బాగుచేసే ఆ షెడ్డులో రెండు కుట్టుమిషన్లుండేవి. కిటికీ పక్కది పెద్దోడిది, తలుపు పక్కది చిన్నోడిది. రేవులో ఆ అన్నదమ్ముల్ని అందరూ ఆ పేర్లతోనే పిలిచేవాళ్లు. ఏడాదిగా చిన్నోడి మిషను మీద గుడ్డ కప్పి ఉంది. దాని పై అరలో వెండి కప్పు. ఏటా జరిగే పడవల పందెంలో పదకొండేళ్లు వరసగా రెండోవాడిగా వచ్చి, ఊరందరిచేతా ‘రెండో నంబరు’ అనిపించుకున్న పెద్దోడు పోయినేడు గెలిచిన కప్పు అది. దాన్ని తుడిచే దిక్కులేదు. నల్లబడిపోయింది.

పందెం రోజు పొద్దున్నే చిన్నోడి భార్య షెడ్డుకొచ్చింది. పడవలోంచి జారిపడకుండా కట్టుకునే తాడు నడుముకి కట్టుకునే వచ్చింది.

“ఈసారి నేనొస్తాను బావగారూ.”

“ఇప్పుడు నీకెందుకమ్మా ఈ సాహసం?”

“ఆయన పోయిన చోటు ఒక్కసారి చూడాలి. గుట్ట దాటాక అన్నారుగా. చూపించండి, చాలు.”

కాదనడానికి పెద్దోడికి నోరు రాలేదు. పోయినేడు అన్నదమ్ములతో పాటు వచ్చిన అతని బావమరిది, జన్మలో మళ్లీ పడవెక్కనని ఒట్టేసుకున్నాడు. ఒంటరిగా వెళ్తానంటే పందెంవాళ్లు ఒప్పుకోరు. అలా మరదలితో బయల్దేరాడు.

ఆ పందెంలో ఒక పద్ధతుంది. సగం దారిలో సముద్రం మధ్య ఒక రాతిగుట్ట, దాని మీద లైట్‌హౌస్. గుట్ట దాటేటప్పుడు ప్రతి పడవా రేడియోలో తన నంబరు, పడవలో ఎంతమందున్నారో చెప్పాలి. లైట్‌హౌస్ కాపలాదారు దుర్భిణీతో సరిచూసుకుని రాసుకుంటాడు. పొగమంచు పట్టినప్పుడు మాత్రం వాళ్లు చెప్పిందే రాసుకుంటాడు. మనిషి మాట మీద అంత నమ్మకం మరి.

మధ్యాహ్నానికి గుట్ట ఇంకా మైలు దూరంలో ఉందనగా మంచు కమ్మేసింది. గాలి మెత్తబడింది. నాచు కుళ్లిన వాసన. తెరచాప మీంచి చుక్కలు చుక్కలుగా నీళ్లు కారుతున్నాయి. వెనకొచ్చే పడవల అలికిడి ఒక్కటొక్కటిగా ఆగిపోయింది. పెద్దోడు చుక్కాని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఈ చోటు అతనికి బాగా తెలుసు.

పోయినేడూ ఇలాంటి మంచే. సరిగ్గా ఇక్కడే, చిక్కుపడ్డ తెరచాపని విడదీయడానికి చిన్నోడు నడుముతాడు విప్పుకుని పడవ ముందు కొసకి వెళ్లాడు. ఒక అల. అంతే. బావమరిది లోపల వాంతులు చేసుకుంటున్నాడు. పెద్దోడు వెనక్కి తిరిగి చూశాడు. నీళ్లలో నారింజరంగు జాకెట్టు. పైకెత్తిన చెయ్యి. “అన్నయ్యా!” పడవ తిప్పి వెనక్కి రావాలంటే ఇరవై నిమిషాలు పడుతుంది. పదకొండేళ్లలో మొదటిసారి తన ముందు ఎవరూ లేరు. వెనకొచ్చేవాళ్లు ఎక్కించుకుంటారులే అనుకున్నాడు. గుట్ట దగ్గర ఎంతమందని అడిగితే, “ముగ్గురం” అన్నాడు.

వెనకొచ్చేవాళ్లకి మంచులో ఏమీ కనబడలేదు. ఒకసారి ముగ్గురం అన్నాక ఇక ఆ మాటకే కట్టుబడాల్సొచ్చింది. గుట్ట దాటాకే పడ్డాడని అందరి ముందూ ఏడుస్తూ చెప్పాడు. ఏడుపు నిజమే. మాటే అబద్ధం. మూడు రోజులు గుట్టకి అవతలే గాలించారు.

“బావగారూ...” మరదలు గొంతు తగ్గించింది. “ఎవరో పిలుస్తున్నారు.”

“పక్షులమ్మా.”

“కాదు... వినండి.”

పడవ అంచుకి ఆనుకున్నంత దగ్గర్లో... తడిసిన గొంతు. “అన్నయ్యా...”

ఆమె వెనక్కి తిరిగి చూస్తోంది. పెద్దోడు చూడలేదు. అప్పుడే పడవ ముందు భాగం కొంచెం కిందికి ఒరిగింది... ఎవరో ఎక్కినట్టు.

రేడియో గరగరలాడింది. గుట్ట వచ్చేసింది. మంచు ఒక్క క్షణం విడిపోయింది.

“ఎంతమంది?” కాపలాదారు అడిగాడు.

“ఇద్దరం.”

“నాకు ముగ్గురు కనిపిస్తున్నారు. సరిగ్గా చూసుకుని చెప్పు.”

తెరచాప అడ్డం. ముందు కొస కనబడదు. లేచి నాలుగడుగులు వేస్తే కనబడుతుంది. పెద్దోడు లేవలేదు.

“ఇద్దరమే,” అన్నాడు. మంచు మళ్లీ మూసుకుంది.

ఆ రోజు రేవుకి మొదట చేరింది వాళ్లే. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. చేతిలో రేడియోతో రేవు అధికారి ఎదురొచ్చాడు. కింద గాలింపు పడవ ఇద్దరు మనుషులతో సిద్ధంగా ఉంది.

“గుట్ట దగ్గర ముగ్గురు. ఇక్కడ దిగింది ఇద్దరు. మూడోవాడేడీ?”

“మేం బయల్దేరిందే ఇద్దరమండీ!”

“కాపలాదారు కళ్లారా చూశాడయ్యా. నారింజ జాకెట్టు వేసుకుని ముందు కొసన కూర్చున్నాడట.” అధికారి గాలింపు పడవవైపు తిరిగాడు. “గుట్ట దాటాక వెతకండి.”

పోయినేడూ ఇదే మాట. ఇదే గొంతు. మరదలు అతన్నే చూస్తోంది.

“పిలుపు గుట్ట దాటకముందు కదా వినబడింది,” అంది మెల్లగా. “మీకూ వినబడిందిగా బావగారూ.”

ఏడాదిగా పెద్దోడు దాచింది ఇప్పుడు బయటికొచ్చింది.

“దాటాక కాదు. ముందే... ముందే పడ్డాడు.”

“గుట్ట దగ్గర ముగ్గురున్నారుగా?” అన్నాడు అధికారి.

“లేరు. పోయినేడు లేరు. నేనే అలా చెప్పాను.”

అధికారికి ఏమీ అర్థం కాలేదు. ఆమెకి అర్థమైంది. తిట్టలేదు, ఏడవలేదు. “మూడు రోజులు అవతల వెతికించారు,” అని మాత్రం అంది. పెద్దోడు ఆమె కాళ్లవైపే చూస్తూ నిలబడ్డాడు. ఆ మొహంలోకి చూసే ముఖం అతనికి లేదు.

గాలింపు పడవ మంచులోకి వెళ్లింది. గంట గడిచాక రేడియో పలికింది.

“దొరికాడు! ప్రాణంతోనే ఉన్నాడు. పడి ఎంతసేపయిందంటే ఇప్పుడే అంటున్నాడు. అన్నయ్య చూశాడు, పడవ తిప్పుకుని వస్తాడు, భయం లేదు అంటున్నాడు...”

తర్వాత గరగర. నీళ్ల చప్పుడు. ఏదో బరువుగా నీళ్లలో పడిన చప్పుడు. మళ్లీ ఒకటి...

అధికారి అలవాటుగా అడిగాడు. “పడవలో ఎంతమందున్నారు?”

గరగర ఆగింది. ఆ తర్వాత ఇంకో గొంతు. చలికి వణుకుతున్న గొంతు.

“ముగ్గురం.”

మరదలు రెండు చేతులతో నోరు మూసుకుంది.

“హమ్మయ్య,” అంటూ అధికారి కాగితం మీద మూడు వేశాడు.

ఇంజను చప్పుడు లేకుండా గాలింపు పడవ మంచులోంచి బయటికొచ్చింది. పెద్దోడు లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

ముందు కొసన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. చెయ్యి పైకెత్తాడు.